పట్టి తింటే తీరే పీడ కాదు

లండన్‌కు పడమర దిక్కున, కెన్నెట్ నది థేమ్స్‌లో కలిసే చోట రెడింగ్ అనే ఊరు ఉంది. ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే కనిపిస్తాయి. ఇళ్లకూ రోడ్లకూ కంకర తవ్వి వదిలేసిన గోతులు ఈ ఊరి చుట్టూ నీళ్లు నిండి చెరువులయ్యాయి. వాటిలో చాలావాటిని గాలం వేసేవారి సంఘాలు కౌలుకు తీసుకుని చేపలు పెంచుకుంటాయి. మన చెరువుల్లో బంగారుతీగ అని పిలిచే చేపే వీరికీ ప్రాణం. అయితే దాన్ని తినరు. పట్టి, తూచి, ఫోటో తీసుకుని, కొక్కెం గుచ్చుకున్న చోట మందు రాసి మరీ నీళ్లలో వదిలేస్తారు.

ఒక వేసవి సాయంత్రం అలాంటి చెరువు గట్టున ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఆయన గాలపు తీగకు తగిలించిన గుర్తు ఒక అంగుళం పైకి లేచింది, ఆగింది, మళ్లీ అర అంగుళం కదిలింది. చేప ఎర అందుకుంటే తీగ ఒక్క గుంజున పరుగెత్తాలి. ఇదేమో గిల్లుతున్నట్టు ఉంది. ఆయన నిట్టూర్చి తీగ చుట్టడం మొదలుపెట్టారు. రేగుపండంత పిండి ఉండ ఎరగా వేస్తే, పైకి వచ్చేసరికి బఠాణీ గింజంత మిగిలింది. ఆ మిగిలినదాన్ని కూడా వదలకుండా పట్టుకుని ఒక జీవి వేలాడుతోంది.

జానెడుకు కాస్త తక్కువ పొడవు. ఒళ్లు రొయ్యది, ముందుకాళ్లు పీతవి అన్నట్టుంది. వీపు తడిసిన బండరాయి రంగు. పెద్దాయన చేతితొడుగు వేసుకుని నడుము దగ్గర పట్టి వెల్లకిలా తిప్పితే, డెక్కల అడుగుభాగం ఇటుక రంగులో ఎర్రగా కనిపించింది. డెక్క వేళ్లు రెండూ కలిసే మడత దగ్గర సున్నంతో బొట్టు పెట్టినట్టు ఒక తెల్లని మచ్చ, దాని అంచున లేత నీలి ఛాయ. ఆ మచ్చ పాతకాలంలో రైళ్లకు సిగ్నల్ చూపేవారి జెండాను గుర్తు చేస్తుందని దీనికి సిగ్నల్ క్రేఫిష్ అని పేరు పెట్టారు. తోకను టపటపా కొడుతూ, డెక్కలు రెండూ ఎత్తి ఆయన బొటనవేలి కోసం వెతుకుతోంది. దొరికితే రక్తం కళ్లజూసేలా ఉంది.

ఇంగ్లండ్‌లో దీన్ని పట్టుకున్నాక తిరిగి నీళ్లలో వదలడం నేరం. ప్రాణంతో ఇంటికి తీసుకెళ్లడమూ నేరమే. ఆయన దాన్ని అక్కడికక్కడే చంపి బక్కెట్‌లో వేశారు. అందులో అప్పటికే ఏడు ఉన్నాయి. తరువాతి గాలానికి ఆయన పిండి ఉండ వాడలేదు. మొక్కజొన్న గింజ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ ముక్కను గుచ్చారు. పిండి ఎర పది నిమిషాలు కూడా నిలవదని, ఇప్పుడు చాలామంది ఇలా బొమ్మ గింజలతోనో, పిండి ఉండకు గట్టి ప్లాస్టిక్ తొడుగు వేసో నెట్టుకొస్తున్నారని చెప్పారు.

నా మనసులో మాత్రం వేరే ఆలోచన నడిచింది. గోదావరి జిల్లాల్లోనో కృష్ణా డెల్టాలోనో పుట్టిన వారెవరికైనా అదే తడుతుంది. ఇంత కండ ఉన్న జీవి, చెరువు నిండా ఉచితంగా దొరుకుతుంటే, పట్టి ఇగురు పెట్టుకుంటే సరిపోదా? నలుగురూ నాలుగు బుట్టలు వేస్తే పీడ వదలదా? ఈ ప్రశ్న తెలుగువారికే కాదు, బ్రిటన్‌లో ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వంటల కార్యక్రమాల్లో కూడా ‘తిని దేశానికి మేలు చేయండి’ అన్న ధోరణి వినిపిస్తుంది. వినడానికి ఇంత సబబుగా ఉన్న ఉపాయం ఎందుకు పని చేయదో, కొన్నిసార్లు ఎందుకు బెడిసికొడుతుందో అర్థం చేసుకుంటే మొత్తం చిక్కుముడి విడిపోతుంది. అసలీ జీవి ఐరోపాకు చేరిందే తిండి కోసం. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఐరోపాకు తన సొంత క్రేఫిష్‌లు ఉన్నాయి. బ్రిటన్‌కు ఒక్కటే ఉంది, తెల్ల డెక్కల క్రేఫిష్. 12 సెంటీమీటర్లకు మించని సాధువు. డెక్కల అడుగుభాగం పాలిపోయిన తెలుపు. శుభ్రమైన వాగుల్లో రాళ్ల కింద దాగి, రాత్రి పూట మేతకు బయటికి వస్తుంది. స్వీడన్‌లోనూ ఫిన్లాండ్‌లోనూ ఉండే జాతి ఇంకాస్త పెద్దది, తినడానికి పేరుపడింది. ఆగస్టు వచ్చిందంటే స్వీడన్‌లో ఇంటింటా క్రేఫిష్ విందు. సోయకూర పూల గుత్తులు వేసి ఉప్పునీళ్లలో ఉడికించి, తలకు కాగితపు టోపీలు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ తింటారు. మనకు పులస ఎలాగో వారికి ఆ నెలలో అది అలాగ.

1859, 1860 ప్రాంతాల్లో ఇటలీ ఉత్తర భాగంలో క్రేఫిష్‌లు కుప్పలుగా చచ్చిపోవడం మొదలైంది. ఆ చావులు ఒక్కో నదీ దాటుకుంటూ ఐరోపా అంతా పాకాయి. 1907లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన సరుకుతో స్వీడన్‌కూ చేరాయి. కారణం ఒక నీటి బూజు. దాని బీజాలు సూదిమొనంత కూడా ఉండవు. నీళ్లలో ఈదుకుంటూ వచ్చి క్రేఫిష్ పెంకు మీద వాలి, మొలకెత్తి, లోపలికి చొచ్చుకుపోతాయి. ఐరోపా జాతుల్లో సోకినవి దాదాపు అన్నీ కొన్ని వారాల్లో చస్తాయి. రాత్రిపూట బయటికి వచ్చే జీవి పట్టపగలు కాళ్లు సాగదీసుకుని తడబడుతూ నడుస్తూ కనిపించిందంటే ఆ వాగు పని అయిపోయినట్టే. దీన్నే క్రేఫిష్ ప్లేగు అంటారు.

విందులకు అలవాటు పడిన స్వీడన్ చెరువులు ఖాళీ అయ్యాయి. దశాబ్దాలు గడిచినా వ్యాధి తగ్గలేదు. అప్పుడు అక్కడివారు ఒక పరిష్కారం ఆలోచించారు: ఈ రోగాన్ని తట్టుకునే అమెరికా జాతిని తెచ్చి వదిలితే? 1960లో కాలిఫోర్నియా నుంచి సిగ్నల్ క్రేఫిష్‌లు తెచ్చి స్వీడన్ నీళ్లలో వదిలారు. చూడ్డానికి తమ పాత జాతిలాగే ఉంది, రుచి దగ్గరగా ఉంది, త్వరగా పెరుగుతుంది, రోగానికి లొంగదు. అందరికీ నచ్చింది.

ఈ కథ మన కోస్తా రొయ్యల రైతుకు కొత్తగా అనిపించదు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి వచ్చి టైగర్ రొయ్య చెరువులను తుడిచిపెట్టింది. భీమవరం నుంచి నెల్లూరు దాకా అప్పుల పాలైన కుటుంబాలెన్నో. తరువాత 2009లో అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందిన వనామీకి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త పడ్డారు. వ్యాధులు లేవని నిర్ధారించిన తల్లి రొయ్యలనే తేవాలి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు ఇవ్వాలి అని నియమం పెట్టారు. ఆ నియమం అమలులో లోటుపాట్ల గురించి రైతులు ఎన్నైనా చెప్పగలరు. కానీ బయటి నుంచి తెచ్చే ప్రాణితో పాటు ఏం వస్తుందన్న ప్రశ్న అయితే ముందే అడిగారు.

స్వీడన్ తెచ్చిన ప్రాణితో పాటు వచ్చింది ఆ ప్లేగే. సిగ్నల్ క్రేఫిష్ రోగాన్ని తట్టుకుంటుంది అంటే దానికి రోగం సోకదని కాదు. బూజు పెంకులోకి చొచ్చుకురాగానే దాని ఒంట్లో నల్లని పదార్థం ఊరి, ఆ బూజు పోగులను చుట్టి గోడ కట్టేస్తుంది. బూజు అక్కడే బందీగా బతుకుతుంది, ప్రాణి హాయిగా తిరుగుతుంది. అది పెంకు విడిచినప్పుడో, చచ్చినప్పుడో బీజాలు నీళ్లలోకి వస్తాయి. అమెరికా జాతులకూ ఈ బూజుకూ ఎన్నో వేల ఏళ్ల సహవాసం ఉంది కనుక అవి రాజీ కుదుర్చుకున్నాయి. ఐరోపా జాతులకు ఆ అవకాశమే లేదు. రోగం వల్ల ఖాళీ అయిన ఇంటిని నింపడానికి ఆ రోగాన్ని మోసేదాన్నే పిలిచి కూర్చోబెట్టినట్టయింది.

బ్రిటన్‌కు ఈ క్రేఫిష్ 1976లో వచ్చింది. దారి అదే, స్వీడన్ మీదుగా. రైతులు పొలం పక్కన కుంటల్లో పెంచుకుని హోటళ్లకు అమ్ముకుంటే అదనపు ఆదాయం వస్తుందని అప్పటి ప్రభుత్వం కూడా ప్రోత్సహించింది. ఇక్కడ ఒక చిన్న విషయం ఎవరూ పట్టించుకోలేదు. చేప కుంట దాటి పోలేదు, క్రేఫిష్‌కు కాళ్లున్నాయి. చల్లని తడి రాత్రి గట్టెక్కి గడ్డి మీదుగా నడిచి పక్క వాగులో దిగిపోతుంది. పదేళ్లు తిరగకుండానే అవి నదుల్లో కనిపించాయి, 1980ల ఆరంభం నుంచే ఇంగ్లండ్ వాగుల్లో ప్లేగు చావులు మొదలయ్యాయి. 1996లో ప్రాణంతో ఉన్న క్రేఫిష్‌లను అనుమతి లేకుండా ఉంచుకోవడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లు గడిచాయి. థేమ్స్ పరివాహక ప్రాంతం అప్పటికే వాటిది.

అవి చెరువులోకి చేరితే ఏం జరుగుతుంది? నేను చూసిన ఆ కంకర చెరువునే తీసుకుందాం. గట్టు పొడవునా, నీటి అంచుకు కాస్త కింద, వేలు దూరేంత నుంచి పిడికిలి దూరేంత వరకు రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. ఇవి లోపలికి ఒక మీటరు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ సాగుతాయి. మట్టి గట్టు లోపల జల్లెడలా అయ్యాక ఒక వానకో, ఒక మనిషి బరువుకో విరిగి పడుతుంది. పడిన మట్టి నీళ్లను బురద చేస్తుంది. బురద నీళ్లలో ఎండ దిగదు, ఎండ లేక నీటి మొక్కలు బతకవు. మిగిలిన మొక్కలను క్రేఫిష్‌లు కాడ దగ్గర కత్తిరిస్తాయి; సగం తిని సగం తేల్చేస్తాయి. నత్తలు, పురుగులు, చేప గుడ్లు, రాత్రి అడుగున పడుకున్న చిన్న చేపలు, ఏవైనా సరే. తినడానికి ఏమీ దొరకనప్పుడు అడుగున కుళ్లిన ఆకులు తింటాయి, తమ పిల్లలనే తింటాయి. ఆకలితో చచ్చే జీవి కాదు. పైగా పిండి ఉండలు, గింజలు బస్తాల లెక్కన నీళ్లలో చల్లే చేపల చెరువంటే వాటికి నిత్యాన్నదాన సత్రం.

శరత్కాలంలో జతకట్టిన ఆడది 200 నుంచి 400 గుడ్లను తోక కింద అతికించుకుని చలికాలమంతా మోస్తుంది. వసంతం చివర పిల్లలు వస్తాయి. స్వదేశీ తెల్ల డెక్కలది పెట్టే గుడ్లు ఇందులో సగం కూడా ఉండవు, పెరగడానికీ ఎక్కువ కాలం పడుతుంది. ప్లేగు రాకపోయినా ఈ పోటీలో అది నెగ్గలేదు. ప్లేగు వస్తే పోటీయే లేదు.

సరే, ఇగురు మాటకు వద్దాం.

క్రేఫిష్‌ను పట్టే బోను కొల్లేటి మావును చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. వలతో చుట్టిన గొట్టం, లోపలికి గరాటు లాంటి ముఖద్వారం, మధ్యలో చేప తల ఎరగా. లోపలికి పోవడం సులువు, బయటికి రావడం కష్టం. ఇంగ్లండ్‌లో వీటిని వేయాలంటే పర్యావరణ సంస్థ అనుమతి తీసుకుని, ఒక్కో బోనుకు సంస్థ ఇచ్చిన బిళ్ల కట్టాలి. నీటికుక్కలు లోపల ఇరుక్కుని మునిగి చావకుండా ద్వారం 95 మిల్లీమీటర్లకు మించకూడదు. స్కాట్లాండ్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా క్రేఫిష్ పట్టడమే నేరం.

ఇంత కట్టడి ఎందుకు? నార్త్ యార్క్‌షైర్‌లో బుకిల్ గిల్ బెక్ అనే ఒక చిన్న వాగు ఉంది. అక్కడ పరిశోధకులు వాగు ముక్కకు రెండు వైపులా అడ్డుకట్ట వేసి, నీళ్లు పూర్తిగా తోడేసి, రాళ్లన్నీ ఎత్తి, ఉన్న ప్రతి క్రేఫిష్‌నూ చేత్తో ఏరారు. నీళ్లు నింపి మళ్లీ తోడారు, మళ్లీ ఏరారు. మూడుసార్లు ఇలా చేశారు. 2021లో వెలువడిన ఆ ఫలితాలు చూసినప్పుడు నా ఇగురు ఆలోచన ఆవిరైపోయింది. కొన్నిచోట్ల చదరపు మీటరుకు వందకు పైగా దొరికాయి. ఒక మంచం వేసే జాగాలో రెండు వందలన్నమాట! అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి: దొరికిన మొత్తంలో మామూలు ఎర బోనులో పడేంత పెద్దవి 2.3 శాతమే. మిగిలిన 97 శాతానికి పైగా వల కంతల్లోంచి జారిపోయేంత చిన్నవి, లేదా పెద్దవి కూర్చున్న బోనులోకి రావడానికి భయపడేవి.

అంటే బోను వేసి, బుట్ట నిండా పట్టి, చెరువు ఖాళీ చేశామని సంబరపడేవారు నిజానికి ముట్టుకున్నది వందలో రెండింటిని. ఆ రెండూ ఎవరు? ఎక్కువగా పెద్ద మగవి. చెరువు అడుగున పిల్లలను తిని, కుర్రవాటిని కలుగుల నుంచి తరిమి, జనాభాను అదుపులో పెడుతున్నది అవే. వాటిని ఏరేస్తే కింద ఉన్న వందలాది చిన్నవాటికి మేతా దొరుకుతుంది, కలుగులూ దొరుకుతాయి, పెద్దల భయమూ పోతుంది. తొందరగా ఎదిగి తొందరగా గుడ్లు పెడతాయి. రెండేళ్ల తరువాత చూస్తే బోనుల్లో పడేవి చిన్నవే కానీ, చెరువులో ఉన్నవి మునుపటికన్నా తక్కువ కావు. పొలంలో కలుపు పీకకుండా తలలు కోసినట్టే ఇది.

ఏడాది పొడవునా, అన్ని సైజులూ పడే పద్ధతులతో, ఎడతెగకుండా తీస్తే సంఖ్య తగ్గదా అంటే, కొన్నిచోట్ల తగ్గింది. తీయడం ఆపగానే మళ్లీ పెరిగింది. అలా దశాబ్దాల పాటు జీతాలిచ్చి మనుషులను పెట్టగల చెరువు సంఘం ఏదీ నాకు కనిపించలేదు.

ఇక రెండో ముడి. తినడం మొదలుపెడితే దానికి ధర వస్తుంది. ధర వచ్చిందంటే, లేని చోటికి దాన్ని మోసుకెళ్లడానికి మనిషికి కారణం దొరుకుతుంది. స్పెయిన్‌లో జరిగింది ఇదే. 1970లలో అమెరికా నుంచి ఎర్ర చిత్తడి క్రేఫిష్ అనే మరో జాతిని తెచ్చి దక్షిణాన గ్వాదల్క్వివిర్ నది ఒడ్డున వరి పొలాల్లో వదిలారు. ఈస్లా మయోర్ అనే ఊరు దాని మీదే నిలబడింది. పట్టేవారు, శుద్ధి చేసేవారు, ఎగుమతి చేసేవారు. వరి గట్లకు కన్నాలు పడ్డా ఊరు చేతిలో డబ్బు ఆడింది. 2016లో స్పెయిన్ సుప్రీంకోర్టు ఇది ఆక్రమణ జాతి కనుక వ్యాపారం చెల్లదని తీర్పు ఇస్తే ఊరంతా రోడ్డెక్కింది. చివరికి 2018లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. ఆ ఊరివారిని నేను తప్పుపట్టలేను, వారి పొయ్యి వెలిగేది దాని వల్లే. అయితే ఒక తెగులు ఒక ఊరికి జీవనాధారం అయ్యాక దాన్ని తొలగించమని ఎవరూ అడగలేరు. తినడమే మందు అనుకుంటే చేరేది ఆ స్థితికే.

చైనా తింటోంది కదా అంటారు. నిజమే, అదే ఎర్ర జాతిని ఏటా 20 లక్షల టన్నులకు పైగా పండిస్తోంది. పండిస్తోంది అన్న మాటను గమనించాలి. ఆకలి పెరిగిన కొద్దీ చెరువులు పెరిగాయి, పిల్లల సరఫరా పెరిగింది, జాతి దేశమంతా పరుచుకుంది. ఆ జాతి చైనాకు చేరింది జపాన్ మీదుగా. జపాన్‌కు 1927లో వచ్చినవి సుమారు 20 మాత్రమే. అవి కూడా మనుషులు తినడానికి కాదు, పెంపకపు కప్పలకు మేతగా! ఇవాళ అవి జపాన్ అంతటా ఉన్నాయి. ఎన్నో ఇళ్లలో పిల్లలు వాటిని గాజు తొట్టెల్లో పెంచుకుంటారు. 2023 జూన్ నుంచి అక్కడి ప్రభుత్వం వీటిని అమ్మడం, బయట వదలడం నిషేధించింది కానీ ఇంట్లో పెంచుకోవడాన్ని అనుమతించింది. పెంచుకోవడం కూడా నేరమంటే లక్షల ఇళ్లవారు భయపడి ఒకేసారి వాగుల్లో పారబోస్తారని లెక్క వేసుకున్నారు. ఈ విషయంలో నేను చదివిన చట్టాలన్నింటిలో మనిషి స్వభావాన్ని సరిగ్గా తూచినది ఇదే అనిపించింది.

మరి దారి లేదా? చిన్న కుంటల్లో ఉంది. స్కాట్లాండ్‌లోనూ నార్వేలోనూ కొన్ని మూసి ఉన్న కుంటల్లో పైరెథ్రమ్ వర్గపు మందులు కలిపి క్రేఫిష్‌లను చంపే ప్రయత్నాలు చేశారు, కొన్ని ఫలించాయి. పైరెథ్రమ్ అంటే ఒక రకం చామంతి పూల నుంచి తీసేది. మన ఇళ్లలో దోమల చుట్టల్లో ఉండేది దాని పోలికతో తయారైన రసాయనమే. ముందు చేపలను తీసి దాచుకోవాలి, ఎందుకంటే మందుకు అవీ తట్టుకోలేవు. తరువాత గట్ల కన్నాల్లోకి కూడా మందు పట్టించాలి. ఒక్క గుడ్ల తల్లి మిగిలినా కథ మొదటికి వస్తుంది. పారే నదిలో, ఎకరాల కొద్దీ చెరువులో ఇది ఊహకు కూడా అందదు.

ఇంగ్లండ్‌లోని ఎక్స్‌మూర్‌లో బార్ల్ నది దగ్గర ఇంకో ప్రయోగం జరిగింది. బోనులో పడిన పెద్ద మగవాటిని చంపకుండా, జతకట్టే అవయవాన్ని తీసేసి, ప్రత్యేక అనుమతితో తిరిగి నదిలో వదిలారు. అవి పిల్లలను కనలేవు కానీ పెద్దరికం మాత్రం చేస్తాయి. పిల్లలను తింటాయి, కుర్రవాటిని తరుముతాయి, ఆడవాటి కోసం మిగతా మగవాటితో పోట్లాడతాయి. బోను చేసిన తప్పును బోనుతోనే సరిదిద్దే ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇది నదిని శుభ్రం చేయదు, ఒత్తిడిని తగ్గిస్తుంది. చెరువుల్లో పెద్ద పెర్చ్ చేపలనూ మలుగులనూ కాపాడుకున్నా కొంత అదుపు ఉంటుంది. రాత్రిపూట కలుగులోకే దూరి వేటాడేది మలుగు. అయితే ఐరోపా మలుగే ఇప్పుడు అంతరించే అంచున ఉంది. 1980లతో పోలిస్తే తీరానికి చేరే పిల్లలు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. కాపలాదారు లేని ఇంట్లో దొంగ స్థిరపడ్డాడు.

అందుకే ఈ రంగంలో పనిచేసేవారు ఇప్పుడు ‘ఎలా చంపాలి’ అనే దానికన్నా ‘తరువాతి చెరువుకు ఎలా పోనివ్వకూడదు’ అనే దాని మీదే ఎక్కువ మాట్లాడతారు. దీనికి ఐర్లాండ్ అనుభవం చూడాలి. అక్కడ తెల్ల డెక్కల జాతి ఒక్కటే ఉండేది, అమెరికా జాతులేవీ లేవు. సముద్రమే కోట గోడ. అయినా 2015లో కావన్ జిల్లాలో ప్లేగు బయటపడింది. 2017లో షూర్ నదిలో క్రేఫిష్‌లు కుప్పలుగా చచ్చాయి. మోసుకొచ్చే ప్రాణి లేకుండా రోగం ఒక్కటే ఎలా వచ్చింది? తడి బూట్ల మీద, తడి వలల మీద, పడవ అడుగున నిలిచిన చారెడు నీళ్లలో వచ్చి ఉంటుందన్నదే నిపుణుల అంచనా. బూజు బీజాలకు తడి ఉంటే చాలు, రోజుల తరబడి బతుకుతాయి. ఆరితే చస్తాయి.

బ్రిటన్ చెరువుల దగ్గర ‘చూడు, కడుగు, ఆరబెట్టు’ అన్న మూడు మాటల బోర్డులు అందుకే కనిపిస్తాయి. ఇంత పెద్ద సమస్యకు ఇంత చిన్న మందా అని మొదట నాకూ అనిపించింది. పెద్దాయన వెళ్లేముందు ఏం చేశారో చూశాక ఆ అనుమానం తగ్గింది. వలను మడతలు విప్పి, మూలల్లో చెయ్యి పెట్టి తడిమారు. ఒక మూలలో, చిటికెన వేలి గోరంత క్రేఫిష్ పిల్ల, గాజు ముక్కలా పారదర్శకంగా, వల దారాన్ని పట్టుకుని ఉంది. తడిమి చూడకపోతే అది మర్నాడు ఇంకో చెరువులో ఉండేది.

మన దగ్గరికి వస్తే, భారతదేశంలో సహజంగా పుట్టిన క్రేఫిష్ ఏదీ లేదు. మన వాగుల్లో ఆ చోటు పీతలదీ మంచినీటి రొయ్యలదీ. కానీ అక్వేరియం దుకాణాల్లో రంగురంగుల క్రేఫిష్‌లు ఇక్కడా అమ్ముతున్నారు. వాటిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది చలువరాతి చారల క్రేఫిష్. 1990లలో జర్మనీ అక్వేరియంలలో మొదట కనిపించిన ఈ జాతిలో అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి, ప్రతి పిల్లా తల్లికి అచ్చు నకలు. మడగాస్కర్‌లో వరి పొలాల నిండా ఇది పాకిపోయింది. తొట్టె చిన్నదైందని జాలిపడి ఒక్కదాన్ని చెరువులో వదిలితే చాలు.

ఆ జాలి ఏం చేస్తుందో మన జాలర్లకు ఇప్పటికే తెలుసు. అక్వేరియం గాజుకు పట్టిన పాచి తింటుందని తెచ్చిన దక్షిణ అమెరికా చేప ఒకటి, ఒళ్లంతా గట్టి పలకలతో, పడగలాంటి వీపు రెక్కతో, ఇప్పుడు మన చెరువుల్లోనూ నదుల్లోనూ వలలకు పడుతోంది. పత్రికలు దెయ్యం చేప అని, రాకాసి చేప అని రాస్తున్నది దీన్నే. వల చింపుతుంది, గట్లకు కలుగులు తవ్వుతుంది, కొనేవారు లేరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీని జాడ పట్టడానికి ఒక పద్ధతి రూపొందించారు. చేపను పట్టనక్కర లేదు. చెరువులో నీళ్లు తీసి, ఆ నీళ్లలో చేప వదిలిన డీఎన్ఏ ఉందో లేదో చూస్తారు. అలా పరీక్షిస్తే తూర్పు కనుమల జలాశయాల్లో ఇది విస్తారంగా ఉన్నట్టు తేలింది.

బ్రిటన్‌లో ఇదే తరహా నీటి పరీక్ష రెండు విధాలా పనికొస్తోంది. సిగ్నల్ క్రేఫిష్ ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది. తెల్ల డెక్కలది ఇంకా ఎక్కడ మిగిలి ఉందో కూడా చెబుతుంది. మిగిలినచోటు ప్రమాదంలో ఉంటే, కొన్నిటిని జాగ్రత్తగా ఏరి, వేరే చోటికి మారుస్తారు. ప్రళయం నుంచి ప్రాణులను కాపాడిన ఓడ పేరు మీద ఆ చోట్లను ‘ఆర్క్’ అంటారు. అవి ఎక్కువగా పాత రాతి గనుల గుంటలు. వాటిలోకి ఏ వాగూ రాదు, వాటి నుంచి ఏ వాగూ పోదు. గాలాలు వేయడానికి ఎవరూ రారు. వదిలే ముందు అక్కడి రాళ్లు సర్ది, దాక్కోవడానికి సందులు చేసి, బూట్లు మందు నీళ్లలో ముంచి, ఆరబెట్టుకుని దిగుతారు. అలాంటి గుంటలు ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలాచోట్ల ఉన్నాయి. వాటిలో చాలావాటి చిరునామాలు బయటికి చెప్పరు.